గడప దగ్గర పసుపు గీత

తుర్విహాళ దగ్గర క్యాంపు,
బుధవారం పొద్దున్న.

అక్కకు, నీ చెల్లెలు భారతి నమస్కారాలు పెట్టి రాస్తున్న సంగతులు. నేను బాగానే ఉన్నాను. నువ్వు, బావగారు, మురళి, కోడలు శాంతి, పిల్లలు అందరూ సుఖంగా ఉన్నారని తలుస్తున్నాను. బావగారి దగ్గు తగ్గిందా? నీ మోచేతి వాపు ఎలా ఉంది? తలుపు తగిలిందన్నావు కదా, కాపడం పెట్టావా? ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఫోన్ చేతిలో ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనిస్తే కదా. నేను ఒక మాట అంటే నువ్వు పది అంటావు. పదకొండోది నేను మొదలుపెట్టేసరికి "సర్లే, పొయ్యి మీద పాలున్నాయి" అని పెట్టేస్తావు. పైగా ఈ ఇంట్లో ఎంత మెల్లగా మాట్లాడినా నాలుగు గదులకీ వినబడుతుంది. శుక్లాలు తీయించేదాకా నీకు అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయన్నావు కాబట్టి పెద్ద పెద్దగా రాస్తున్నాను. అయినా ఎవరో ఒకరు చదివిపెట్టక తప్పదని తెలుసు.

నా గురించి బెంగ పెట్టుకోకు. తిండికి లోటు లేదు, పడుకోవడానికి మంచి గది ఇచ్చారు. ఈ క్యాంపులో ఉన్నవాళ్లంతా మన గోదావరి వైపు వాళ్లే. ఎప్పుడో వయసులో ఉండగా కాలవ కింద నల్లరేగడి కొనుక్కుని వచ్చి స్థిరపడ్డారు. మాటా మనదే, పులుసూ మనదే. క్యాంపు దాటి బస్సెక్కితే మాత్రం అంతా కన్నడం. నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. జొన్నరొట్టె కూడా నేర్చుకున్నాను కానీ గుండ్రంగా రావడం లేదు. ఇప్పుడు కోతలు. రోడ్డు నిండా మిషన్లు, ముక్కు నిండా దుమ్ము. పొద్దున్న చలి, మధ్యాహ్నం ఎండ, అందరికీ మడమలు పగిలిపోతున్నాయి. ఒక్కోసారి కాలవ గట్టు మీద నిలబడితే మన ఊరు గుర్తొచ్చి ఏడుపొస్తుంది. కాసేపు ఏడ్చి వచ్చేస్తాను. ఇది రాశానని మళ్లీ నువ్వు ఏడవకు. నేను నిజంగా బాగానే ఉన్నాను.

నన్ను పనికి పెట్టుకున్నది ఇంటి పెద్దాయనని చూసుకోవడానికి. తాతగారనే పిలుస్తాను. ఎనభై రెండేళ్లు. వానాకాలంలో హాల్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. రాయచూరులో ఆపరేషన్ చేసి పంపారు కానీ ఆయన మళ్లీ లేవలేదు. ఆయన భార్య సూరమ్మగారికి డెబ్బై ఎనిమిది. నేను మామ్మగారంటాను. కొడుకు రాంబాబు గారు, కోడలు పద్మ గారు. ఇల్లు తుడవడానికి ఈరమ్మ అని తుర్విహాళ నుంచి ఒకామె వస్తుంది, పుట్టిల్లు తెలంగాణ వైపు. ఇంతే మనుషులం.

నా సంగతి నీకు తెలుసు కదా. మీ మరిది పోయాక పదకొండేళ్లు రొయ్యల షెడ్డులో ఐసు నీళ్ల మీద నిలబడి పని చేశాను, ఒక్కసారి కూడా పడలేదు. మనిషి ఎదురొస్తే మొహం కంటే ముందు కాళ్లు చూస్తాను, చెప్పుల అడుగు అరిగిందా, మడమ వదులుగా ఉందా అని. ఈ ఇల్లు కట్టి రెండేళ్లయింది. రాంబాబు గారు మోజుపడి నేలంతా మొహం కనిపించే నున్నటి రాయి వేయించారు. నేను వచ్చిన రోజు గుమ్మంలో నిలబడి ఆ నేల చూసి భయపడ్డాను. తాతగారు పడ్డారంటే పడరా మరి అనుకున్నాను. ఇంకెవరు పడతారో అని కూడా అప్పుడే అనుకున్నాను.

ఆయన పడ్డాక రాయచూరు డాక్టరు గారు, ఇంట్లో పెద్దవాళ్లు ఉత్తకాళ్లతో తిరగకూడదు, మేజోళ్లతో అసలే తిరగకూడదు, కాలికి పట్టి ఉండే చెప్పులు వేసుకోవాలని చెప్పారట. పద్మ గారు ఆ వారమే అందరికీ తలొక జత ఇంటి చెప్పులు తెచ్చారు. మెత్తగా, వెనక పట్టీ లేకుండా, కాలు దూర్చేసి పోయే రకం. ఇల్లు అలకగానే పండగవుతుందా?

ఇక్కడ వినక్కా. ఈ ఇంట్లో చెప్పులు దాటకూడని గడపలు మూడున్నాయి. దేవుడి గది, వంటిల్లు, తిండి గింజల బస్తాలుండే ధాన్యం గది. హాల్లో వేసుకోమంటే మామ్మగారు వేసుకుంటారు, కోడలి మాట తీసెయ్యరు. వంటింటి గడప రాగానే విప్పేస్తారు. "బయట తొక్కకపోయినా చెప్పులు చెప్పులేనమ్మా. లచ్చిందేవి ఉన్న చోటికి వేసుకుని వెళ్తామా?" అంటారు. తలుపు రెక్క పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఒకటి విప్పుతారు, కాలు మార్చి రెండోది. పట్టుకున్న రెక్క ఊగుతుంది. లోపల పని చూసుకుని చేతిలో గిన్నెతో బయటికొస్తారు. విప్పిన చెప్పులు సరిగ్గా కాలు పెట్టే చోటే ఉంటాయి, గిన్నె అడ్డమొచ్చి కనిపించవు. పొద్దున లేచింది మొదలు పొద్దుగూకే లోపల ముప్పై సార్లకు తక్కువ కాకుండా ఇదే తంతు. చూసినప్పుడల్లా పరుగెత్తి పట్టుకోవాలనిపించేది. కానీ నా పని తాతగారు. ఇంట్లో అందరి కళ్లూ మంచం మీదున్న మనిషి మీదే. నడిచే మనిషికేం, నడుస్తోందిగా అనుకున్నారు.

వచ్చిన మూడో వారం, శుక్రవారం. మామ్మగారు శుక్రవారం పొద్దున్నే గడపలకి పసుపు రాసి, తన కాళ్లకీ రాసుకుంటారు. మడమలు పగిలాయని పసుపులో ఆముదం కలుపుతారు, అది కాస్త ఇంకేదాకా చెప్పులు వేసుకోరు. నేను తాతగారికి జావ తీసుకెళ్లడానికి వంటింటి వైపు వచ్చాను. నున్నటి రాయి మీద పసుపు పాదాలు వరసగా ఉన్నాయి, చిన్నవి, మన అమ్మ పాదాలంత. మూడు అడుగులు చక్కగా పడ్డాయి. నాలుగో అడుగు పాదంలా లేదు, మూరెడు పొడుగు గీతలా ఉంది. ఆ తర్వాత అడుగులు లేవు. తలుపు చట్టం మీద, నా మోకాలి ఎత్తులో, పసుపు అరచెయ్యి.

మామ్మగారు లోపల పీట మీద కూర్చుని కూర తరుగుతున్నారు. జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుని "ఏంటలా చూస్తావ్, జావ చల్లారిపోతోంది" అన్నారు.

"పడ్డారా మామ్మగారూ?"

"అరవకు. పడలేదు, కూర్చున్నానంతే."

ఆ చెయ్యి పట్టుకుని జాకెట్టు పైకి తోశాను. మోచేతి నుంచి భుజం దాకా వంకాయ రంగు. అప్పుడు ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా వాడికి చెప్పావంటే నా మీద ఒట్టే. నాన్న పడ్డప్పుడే అన్నాడు, ఇంకొకళ్లు పడితే నా వల్ల కాదు, ఇద్దర్నీ రాయచూరులో ముసలాళ్లని చూసుకునే చోట చేర్పిస్తానని. అక్కడ మగాళ్లని ఓ గదిలో, ఆడాళ్లని ఓ గదిలో పడుకోబెడతారంట. ఆయన నా చేతి ముద్ద తప్ప తినరు, నీకు తెలుసుగా. ఎవరు పెడతారమ్మా అక్కడ?" నన్ను తాతగారి దగ్గరికి తీసుకెళ్లి మంచం కోడు ముట్టించి మరీ మాట తీసుకున్నారు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. నిద్రపోతున్నారనుకున్నాను.

నేను తిరిగొచ్చేసరికి ఈరమ్మ ఆ గీత మీద తడిగుడ్డ వేసి తుడిచేస్తోంది. నా మొహం చూసి మెల్లగా అంది. "ఏంది అక్కా, గంత పరేషాన్ అయితున్నవ్? ఇంతకు ముందు గూడ ఒకపాలి గిట్లనే జారింది అవ్వ. నేనే తుడిసిన. నాతోని ఒట్టు వెట్టించుకుంది. నువ్వు గూడ సప్పుడు జేయకు." నేను చేసిన మొదటి తప్పు అప్పుడేనక్కా. మాట ఇచ్చిన మనిషి ఇంకొకరు కూడా ఉన్నారని తెలిసేసరికి నాకు ధైర్యం వచ్చింది, భయం రావాల్సింది పోయి.

మళ్లీ రెండు వారాలకి ఇంకోసారి. ఈసారి ధాన్యం గది దగ్గర, నా కళ్ల ముందే. పరుగెత్తి నడుం పట్టుకున్నాను కాబట్టి మోకాలు కొట్టుకోవడంతో సరిపోయింది. అప్పటి నుంచి నాకు తోచిన ఉపాయాలన్నీ చేశాను. ప్రతి గడపకీ లోపల ఒక జత, బయట ఒక జత పెడితే లోపల కూడా చెప్పులుంటాయని ఈరమ్మ అంది. మొదట వద్దన్నా, లోపలివి బయటికి రావు కదా అని బతిమాలితే మామ్మగారూ సరేనన్నారు. పెట్టాం. రెండు రోజుల్లో ఏ గదిలో చూసినా కాళ్ల కింద చెప్పులే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది, అన్నీ తీసేశాం. ఆదివారం నేనే సింధనూరు వెళ్లి వెనక పట్టీ ఉన్నవి, అడుగున గాట్లు పడి నేలని పట్టుకునేవి ఒక జత తెచ్చాను. హాల్లో నాలుగడుగులు వేసి "కాలు కదలట్లేదే, బాగున్నాయి" అని చిన్నపిల్లలా నవ్వారు. వంటింటి గడప దగ్గర ఆ పట్టీ విప్పడానికి వంగేసరికి తల తిరిగి చట్టం పట్టుకున్నారు. మర్నాటికి ఆ జత బియ్యం డబ్బా వెనక కనిపించింది.

నిన్న రాంబాబు గారు పొలం నుంచి భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కుంటూ నన్నడిగారు. "భారతమ్మా, మా అమ్మ నడక తేడాగా ఉంది. ఎప్పుడైనా పడిందా? ఉన్నదున్నట్టు చెప్పండి." మామ్మగారు వంటింట్లో ఉన్నారు. గరిట చప్పుడు ఆగిపోయింది.

"లేదండీ" అన్నాను.

గరిట మళ్లీ తిరగడం మొదలైంది. ఆయన నమ్మేసి అన్నం తిని వెళ్లిపోయారు. ఏం చెయ్యమంటావక్కా? నువ్వేమంటావో నాకు తెలుసు, ఇచ్చిన మాట తప్పకూడదంటావు. ఎల్లుండి మళ్లీ శుక్రవారం. ఈసారి నేనే ఆవిడని పీట మీద కూర్చోబెట్టి ఉత్త పసుపు నీళ్లు రాస్తాను, ఆముదం సీసా దాచేస్తాను. తాతగారు పిలుస్తున్నారు. మిగతాది తర్వాత రాస్తాను.

సోమవారం.

అక్కా, మొదటి కాగితాలు అలాగే ఉంచి దీన్ని రాస్తున్నాను. చింపేద్దామనుకున్నాను, మనసొప్పలేదు.

శుక్రవారం నేను లేచేసరికే మామ్మగారు కాళ్లకి పసుపు రాసేసుకున్నారు. ఆముదం ఇంకో సీసా ఉందట, దేవుడి గదిలో. సరే, కంటితో కనిపెట్టుకుని ఉందామనుకున్నాను. తొమ్మిదింటికి తాతగారికి ఒళ్లు తుడుస్తున్నాను. ఆయన వీపు నా చేతి మీద ఉంది, వదలడానికి లేదు. హాల్లో మామ్మగారి చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్తున్న చప్పుడు. వంటింటి గడప దగ్గర ఆగింది. తాతగారి ఒళ్లు నా చేతిలో బిగుసుకుపోయింది. ఆయన వింటున్నారని నాకు అప్పుడు అర్థమైంది. తర్వాత బిందె దొర్లిన చప్పుడు.

"అయిదు" అన్నారాయన.

ఆ మాట నాకు అప్పుడు బోధపడలేదు. ఆయన్ని దిండు మీదికి దించి పరుగెత్తాను. మామ్మగారు గడపకి అడ్డంగా పడి ఉన్నారు, ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు దూరంగా గోడ దగ్గర, ఉత్తకాలు జారిన చోట మళ్లీ మూరెడు పసుపు గీత. కుడికాలు బయటికి తిరిగిపోయి ఉంది. తాతగారిది కూడా అలాగే తిరిగిపోయిందని పద్మ గారు ఎన్నోసార్లు చెప్పారు. అరవలేదు ఆవిడ. "లేపు, లేపి కూర్చోబెట్టు, మా వాడు వచ్చేలోపు" అన్నారు.

పద్మ గారూ నేనూ లేపలేదు. రాంబాబు గారు పొలం నుంచి వచ్చారు. బండిలో రాయచూరు తీసుకెళ్లాం. తుంటి ఎముకే. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాం, నేను, పద్మ గారు, రాంబాబు గారు. అక్కడ బయటపడ్డాయి అన్నీ. నేను రెండు సార్లని చెప్పాను. ఈరమ్మ చూసింది ఒకటని చెప్పాను. పద్మ గారు తల వంచుకుని, దసరాల్లో దేవుడి గది దగ్గర ఒకసారి తన ముందే పడ్డారని, ప్రమిదల మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకున్నారని చెప్పారు. ఒకటీ, ఒకటీ, రెండూ, ఇప్పుడిది. తాతగారు మంచం మీద పడుకుని చప్పుడు విని లెక్క పెట్టుకుంటూ వచ్చారు. ఆయనకి మాత్రమే మొత్తం తెలుసు. ఆయన చేత కూడా ఒట్టు పెట్టించుకునే ఉంటారు. మాలో ఏ ఒక్కరు నోరు విప్పినా మిగిలినవన్నీ బయటికి వచ్చేవి. ఎవరి మాట వాళ్లు నిలబెట్టుకున్నాం.

రాంబాబు గారు ఎవరినీ తిట్టలేదు. తిడితే బాగుండును. నా వైపు తిరిగి, "నేను అడిగాను కదా భారతమ్మా" అన్నారు. అంతే అన్నారు. తర్వాత కాసేపటికి తనలో తాను అన్నట్టు, "ఆ రాయచూరు మాట కోపంలో అన్నాను. నిజంగా పంపుతానా?" అన్నారు.

ఆపరేషన్ గదికి తీసుకెళ్లే ముందు మామ్మగారు నన్ను దగ్గరికి పిలిచి నా చెయ్యి నొక్కారు. "నువ్వు మాట నిలబెట్టుకున్నావమ్మా, నీ మేలు మర్చిపోను" అన్నారు. అక్కా, నా జన్మలో నన్నెవరూ అంత దెబ్బ కొట్టలేదు.

ఆపరేషన్ అయింది. నడుస్తారా అని అడిగితే చూద్దామన్నారు. తాతగారిని గురించీ అప్పట్లో అదే మాట అన్నారట. నేను తాతగారి కోసం ఇంటికి వచ్చేశాను. ఆయన మూడు రోజులుగా నా చేత్తో రెండు ముద్దలకి మించి తినడం లేదు, గడప వైపే చూస్తారు. రెండో మంచం నిన్న దింపారు, ఆయన మంచం పక్కనే వేశాం. చేతులు కాలాక ఆకులన్నట్టు రాంబాబు గారు నేల గరుకు చేయించడానికి మేస్త్రీని పిలిపించారు. పద్మ గారు చెప్పులన్నీ గోనెసంచిలో వేసి అవతల పారేయించారు. పట్టీ ఉన్న ఆ జతని మాత్రం బియ్యం డబ్బా వెనక నుంచి తీసి, కడిగి, తన చేత్తో తెచ్చి వంటింట్లో పెట్టారు. గడప దగ్గర ఆ పసుపు గీత మాత్రం ఇంకా ఉంది. ఈరమ్మ బక్కెట్టు పట్టుకుని వచ్చి నిలబడి, "నాతోని గాదక్కా, నేను తుడవ" అని ఏడ్చింది.

ఇప్పుడు నీ సంగతి.

నీ మోచేతికి తగిలింది తలుపు కాదు, ఇంట్లో వాళ్లకి నువ్వు చెప్పిన మాటే పైన రాశాను. నాకు నిన్న కాక అంతకు ముందు ఆదివారం ఫోన్లో చెప్పావు, స్నానాల గది ముందు తడిలో, పిన్నీసు పెట్టిన ఆ నీలం చెప్పు పట్టీ ఊడి పడ్డానని. మురళికి చెప్పకు, చెబితే నన్ను గుమ్మం దాటనివ్వడు, నా మీద ఒట్టే అన్నావు. నేను సరే అన్నాను. నాకు చెప్పింది ఒక్కటి. శాంతికి ఏం చెప్పావు? బావగారికి ఏం చెప్పావు? పక్కింటి వాళ్లకి?

ఈ కవరు మీద నీ పేరు రాయలేదక్కా. మురళి పేరు రాశాను. కాబట్టి ఇది నీకు చదివి వినిపిస్తున్నది వాడే.

మురళీ, ఆపకు నాన్నా. అమ్మ కాగితం లాక్కోబోతుంది, ఇవ్వకు. కోప్పడకు, ఎక్కడికీ వెళ్లొద్దని కట్టెయ్యకు, ఆ భయంతోనే దాస్తోంది. ముందు ఆ నీలం చెప్పులు ఈ పూటే పారెయ్యి. మడమని పట్టి ఉంచేవి, అడుగున గాట్లున్నవి, ఇంట్లోకని వేరుగా కొను. వంటింట్లోకీ దేవుడి గదిలోకీ వేసుకునే వెళ్లమను, దేవుడు ఏమనుకున్నా నా మీద వేసెయ్యమను. అటక మీద నా షెడ్డు బూట్లున్నాయి, ఎలాంటి అడుగు కొనాలో వాటిని చూస్తే తెలుస్తుంది. కంటి ఆపరేషన్ వాయిదా వెయ్యకు. ఆ తర్వాత శాంతిని విడిగా కూర్చోబెట్టి అడుగు, మీ నాన్నని విడిగా అడుగు, పక్కింటి వాళ్లని అడుగు. అమ్మ ఎవరెవరికి ఒక్కొక్కటి చెప్పిందో అన్నీ ఒకచోట కలుపు. ఎన్ని అయ్యాయో నాకు రాయి.

అక్కా, బావగారికి నా నమస్కారాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. మాగాయ పంపుతానన్నావు, కోపంతో మానేసినా నేనేమీ అనుకోను. నన్ను నోరారా తిట్టు, నిలబడి తిట్టేంత బలం నీ కాళ్లకి ఉంటే నాకదే చాలు. తిట్టాక దీవించు.

మాట తప్పిన నీ చెల్లెలు,
భారతి.